ఉమ్మడి బండి – ఉమ్మడి న్యాయము
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



 విద్యను గూర్చియు, విద్యార్థి వసతిగృహములను గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు నాకంటె ముందు మాటలాడిన పెద్దలు చక్కగా సెలవిచ్చియున్నారు. నాకు అప్పగింపబడిన విషయము అంత ఘనమైనదిగా తోచకపోవచ్చును. బండిని గూర్చి, బాడుగను గూర్చి, దారిని గూర్చి నేను చెప్పవలసియున్నది. అయినను పట్టుదారము వేళకు చేరనియెడల మగ్గము నిలుచును. మగ్గము నిలిచిన యింట పొయ్యి వేళకు రాజదు. కావున ఇది మన కూటికి సంబంధించిన విషయమే యని మనవిచేసి ప్రారంభించుచున్నాను.

మన హిందూపురము, పెనుకొండ, ధర్మవరములు మూడును ఒకే త్రోవ మీది పూసలవంటివి. 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో మూడును చేరియున్నవి. హిందూపురమున పట్టుగూళ్ల మార్కెట్టు కలదు. బెల్లము, చింతపండు, మిరపకాయల వర్తకము కలదు. ధర్మవరమున పట్టుచీరల మగ్గములు కలవు. ఆ చీరల కీర్తిని నేను వర్ణింప నక్కరలేదు. 1565వ సంవత్సరపు రాక్షసి–తంగడి యుద్ధానంతరము విజయనగర ప్రభువులకు రాజధానియైన పెనుకొండ ఈ రెంటి నడుమ నున్నది. దాని సమీపమున ఎర్రమంచివద్ద 2019లో మోటారుకార్ల కర్మాగారము పని మొదలుపెట్టిన పిమ్మట ఆ రహదారిపై బండ్ల రాకపోకలు మిక్కుటమైనవి.

పూర్వము ఈ సీమలో సరకులు పెరికెద్దుల బిడారులపై సాగెడివి. బాటలో దొంగల భయము వలన ఎవ్వరును ఒంటరిగా పోవువారు కారు. పందొమ్మిదవ శతాబ్దము చివరి దశకములలో రైలు వచ్చెను. 2000 సంవత్సరమున పెనుకొండ నుండి ప్రశాంతి నిలయము మీదుగ ధర్మవరమునకు మరియొక రైలుదారియు ఏర్పడెను. నేడు జాతీయ రహదారిపై లారీలు, వ్యానులు రేయింబవళ్లు పరుగిడుచున్నవి. దారులు పెరిగినవి; బండ్లు పెరిగినవి; కాని మనము ఒంటరివారమైతిమి. హిందూపురమున నలుగురు వర్తకులు ఒకే ఉదయమున నాలుగు బండ్లను కుదిర్చి, ఒక్కొక్క బండిలో కాలుభాగము సరకు వేసి, ఒకే ఊరికి పంపుట నేను కన్నులార చూచితిని. ఆ నాలుగు బండ్లును సాయంకాలమునకు ఖాళీగా మరలివచ్చుటయు చూచితిని. డీసెలు నలుగురిది, దుమ్ము ఊరందరిది, లాభము ఎవ్వరిదియు కాదు.

కావున “కలిసి ఒక్క బండి కుదుర్చుకొందము” అని చెప్పుట సులభము. నేనును ఒకప్పుడు అట్లే చెప్పితిని. చెప్పుటయేగాక చేసితిని, చేసి చెడగొట్టితిని. ఆ కథ మీకు విన్నవించుటయే నా ఉపన్యాసమునకు ప్రయోజనము.

కొన్ని సంవత్సరముల క్రిందట అయిదు ఇండ్లవారము కలిసి ఒక వ్యానును నెలబాడుగకు కుదిర్చితిమి. హిందూపురమున పట్టుదారము ఎత్తుకొని, దారిలోని పల్లెలయందు దింపుచు ధర్మవరము చేరి, నేసిన చీరలను ఎత్తుకొని మరలవలెనని ఏర్పాటు. ఏ ఊరి తరువాత ఏ ఊరు అను పట్టికను వ్రాయు పని నాకు అప్పగించిరి. నాకు లెక్కలయందు కొంచెము అభిమానము కలదు. కావున అన్నిటికంటె తక్కువ దూరమగు దారిని వెదకి, తక్కువ డీసెలు కాలునట్లు పట్టిక వ్రాసితిని. మొదటి నెల బాడుగ సగమునకు సగము తగ్గెను. అందరును నన్ను మెచ్చుకొనిరి. నేనును మెచ్చుకొంటిని.

ఆ పట్టికలో కడపటి ఊరు ఎప్పుడును కడపటి ఊరే. అక్కడ మాకు వరుసకు పెదనాయన యగు ఒక వృద్ధుడు రెండు మగ్గములతో జీవించుచుండెను. ఆయనకు దారము చేరుసరికి చీకటి పడెడిది. చీకటి పడిన పిమ్మట కండెలు చుట్టుటకు వీలుండదు. కావున ప్రతి విడతకును ఆయన మగ్గములకు ఒక పూట, ఒక్కొక్కప్పుడు ఒక దినము నష్టమగుచుండెను. ఆయన నాలుగు నెలలు ఓర్చుకొని, అయిదవ నెల వేరుగ ఆటో కుదుర్చుకొనెను. నేను నొచ్చుకొని, “పెదనాయనా, చవుక బండిని విడిచి ఖరీదు బండి ఎక్కితివేల?” అని అడిగితిని. ఆయన కోపపడలేదు. “నాయనా, మీ బండి బాడుగ చవుకే. నా మగ్గం నిలబడిన దినాలు మీ లెక్కలో యాడుండాయి?” అని మాత్రము అనెను.

నాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఆయన విడిపోగా తక్కిన నలుగురి వంతు పెరిగెను. పెరిగినందున మరియొకరు విడిపోయిరి. ఏడాది నిండకమునుపే ఆ ఉమ్మడి బండి నిలిచిపోయెను. ఆ నేరము వ్యానుది కాదు, డ్రైవరుది కాదు. పట్టిక వ్రాసిన నాది.

మహాశయులారా! ఆనాటి నుండి ఈ విషయమును గూర్చి తెలిసినవారిని అడిగియు, చదివియు నేను గ్రహించినది ఇది. బండ్ల దారిని నిర్ణయించుట పెద్ద శాస్త్రమే యైనది. 1959లో జార్జి డాంట్జిగ్, జాన్ రామ్సర్ అను ఇరువురు, ఒక పెట్రోలు నిలువ నుండి పలు పెట్రోలు బంకులకు లారీలను ఏ క్రమమున పంపవలెనను ప్రశ్నను గణితరూపమున పెట్టిరి. ప్రశ్న చిన్నదిగా కనిపించును. కాని అయిదు ఊళ్లను వరుసపెట్టుటకు 120 విధములు కలవు. పది ఊళ్లకు 36,28,800 విధములు కలవు. నేడు యంత్రములు వీనిని క్షణములలో వడపోసి తక్కువ దూరపు దారిని చూపగలవు. మన చేతిలోని ఫోనుకూడ రెండు ఊళ్ల నడుమ దగ్గరిదారిని చూపుచున్నది. కాని ఎవరి మగ్గము ఎదురుచూచుచున్నదో ఆ ఫోనునకు తెలియదు. మనము చెప్పిననే తెలియును. చెప్పుటకు ముందు మనలో మనకు తెలియవలయును.

ఒంటివాని బండికి కోరిక ఒక్కటి. పలువురి బండికి కోరికలు పలు. బాడుగ తగ్గవలెను, సరకు వేళకు చేరవలెను, పట్టు తడియరాదు, జరీ నలగరాదు, డ్రైవరు అలసిపోరాదు, ఎవ్వరికిని అన్యాయము జరుగరాదు. అవ్వయు కావలెను, బువ్వయు కావలెను అన్న సామెత ఇచట సరిపోవును. సామెతను మనము ఎగతాళికి వాడుదుము గాని, ఉమ్మడి కార్యములలో అవ్వయు బువ్వయు రెండును న్యాయమైన కోరికలే. వానిని తూచుట ఎట్లనునదే ప్రశ్న.

ఒక ఉదాహరణము చెప్పెదను. ఇందలి అంకెలు లెక్కకొరకు అనుకొన్నవి మాత్రమే. మూడు పట్టికలు మన యెదుట నున్నవనుకొందము. మొదటిదానికి 2,700 రూపాయల వ్యయము. కడపటివానికి సరకు సాయంకాలము 6 గంటలకు చేరును. రెండవదానికి 3,000 రూపాయలు. కడపటివానికి మధ్యాహ్నము 2 గంటలకు చేరును. మూడవదానికి 3,100 రూపాయలు. 3 గంటలకు చేరును. మూడవది రెండవదానికంటె ఖరీదును ఎక్కువ, ఆలస్యమును ఎక్కువ. కావున దానిని నిస్సంకోచముగ త్రోసివేయవచ్చును. ఈ విధమైన వడపోతకు ఇటలీ దేశపు పండితుడగు విల్ఫ్రెడో పరేటో (1848–1923) పేరు పెట్టియున్నారు. కాని మొదటి రెంటిలో ఏది మేలు? ఒకదానియందు 300 రూపాయలు మిగులును. మరియొకదానియందు 4 గంటలు మిగులును. ఇక్కడ గణితము మౌనము వహించును. ఆ మూడు వందల రూపాయలు ఎవరివి, ఆ నాలుగు గంటలు ఎవరివి అని అడిగినగాని ఉత్తరము రాదు. ఆ ప్రశ్నను అడుగవలసినది యంత్రము కాదు, సభ.

మరియొక లెక్క. వారమునకు మూడుమార్లు పోవు బండిని రెండుమార్లకు తగ్గించిన ఒక విడత బాడుగ 2,700 రూపాయలు మిగులుననుకొందము. అందువలన పది మగ్గములు ఒక్కొక్క దినము నిలిచిన, మగ్గము మీది దినకూలి 600 రూపాయల చొప్పున 6,000 రూపాయలు పోవును. మిగులు 2,700, నష్టము 6,000. అయినను ఇట్టి ఏర్పాట్లు జరుగుచునే యున్నవి. ఏలయన, మిగులు బాడుగ కట్టువాని పద్దులో కనబడును. నష్టము నేతవాని యింటిలో పడును. ఆ యింటికి పద్దుపుస్తకము లేదు. ఇది లెక్క తెలియక జరుగు తప్పు కాదు. లెక్కలోనికి కొందరిని పిలువక జరుగు తప్పు.

ఇక బాడుగను పంచుకొను రీతిని విచారింతము. “తలా సమానముగ పంచుకొందము” అనుట మనకు అలవాటు. వినుటకు ధర్మముగ నుండును. హిందూపురము నుండి సోమందేపల్లికి 25, అచట నుండి పెనుకొండకు 15, అచట నుండి ధర్మవరమునకు 50 కిలోమీటర్లు అని గుండులెక్కగ అనుకొని, కిలోమీటరునకు 30 రూపాయలు బాడుగ యనుకొందము. ముగ్గురి సరకు ఆ మూడు ఊళ్లలో దిగవలెను. మొత్తము 2,700, సమానముగ పంచిన తలకు 900. కాని సోమందేపల్లివాడు ఒంటరిగా పోయినను అతనికి 750 రూపాయలే! కలిసినందులకు అతడు 150 రూపాయలు దండుగ కట్టవలసివచ్చినది. అట్టివాడు విడిపోయిన, కులాభిమానము లేదని నిందించుట న్యాయమా?

ఇందులకు మంచి పద్ధతి కలదు. ఏ బాటముక్కను ఎవరెవరు వాడుకొందురో ఆ ముక్క ఖర్చును వారే సమానముగ పంచుకొనవలెను. మొదటి ముక్క 750 రూపాయలను ముగ్గురును పంచుకొనగా తలకు 250. రెండవ ముక్క 450 రూపాయలను ఇరువురు పంచుకొనగా తలకు 225. కడపటి ముక్క 1,500 ధర్మవరమువానిదే. కావున సోమందేపల్లివాడు 250, పెనుకొండవాడు 475, ధర్మవరమువాడు 1,975 కట్టుదురు. మొత్తము 2,700 సరిపోయినది. ఒంటరిగా పోయిన వారికి క్రమముగ 750, 1,200, 2,700 అయ్యెడిది. ముగ్గురికిని లాభమే. 2012లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము నందిన లాయిడ్ షాప్లే 1953లో ప్రకటించిన పంపక సూత్రమును ఇట్టి తిన్నని బాటకు అన్వయించిన ఈ అంకెలే వచ్చును. కాని దీనికి పండితులు అవసరము లేదు. కాలువ నీటి మరమ్మతు ఖర్చును పొలముల వరుసనుబట్టి పంచుకొన్న రైతు దీనిని ఎరుగును.

ఇట్లు బాడుగ న్యాయము కుదిరినను వేళ న్యాయము మిగిలియే యున్నది. కడపటివాడు ఎప్పుడును కడపటివాడేనా? మన భూగోళమే ఇందులకు ఒక ఉపాయము చూపుచున్నది. పెనుకొండ నుండి ధర్మవరమునకు జాతీయ రహదారి మీదుగ చెన్నేకొత్తపల్లివైపు పోయి చేరవచ్చును. కొత్తచెరువు మీదుగను చేరవచ్చును. ఒక విడత రహదారిమీదుగ పోయి కొత్తచెరువుమీదుగ మరలిన, మరుసటి విడత కొత్తచెరువుమీదుగ పోయి రహదారిమీదుగ మరలవలెను. చుట్టు మొత్తము దూరము మారదు, డీసెలు పెరుగదు, కాని నిన్నటి కడపటివాడు నేడు మొదటివాడగును. ఆనాడు నాకీ చిన్న ఆలోచన తోచియున్న మా పెదనాయన మమ్ములను విడిచియుండడు.

మరికొన్ని కోరికలు రూపాయలతో తూచరానివి. పట్టుమూట ప్రక్కన బెల్లపుదిమ్మను, మిరపబస్తాను పెట్టి చవుకగ పోవచ్చును. కాని ఒక చీర చెడిన ఆ చవుక అంతయు కొట్టుకొనిపోవును. డ్రైవరును నిద్రలేక నడిపించి ఒక విడత ఎక్కువ చేయవచ్చును. కాని అతడును ఒక యింటి బిడ్డయే. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పనివేళగ నిర్ణయించినది. ఆ చట్టము ఇప్పుడు అమలులో లేకున్నను మనము ఆ హద్దును గౌరవింపవలెను. 2021 నవంబరు వానలలో చిత్రావతి పొంగినప్పుడు ఏమి జరిగినదో మీరెరుగుదురు. వాగు పొంగినపుడు దగ్గరిదారి దారి కాదు. చుట్టుదారిని ముందే వ్రాసి యుంచుకొనవలెను.

ఇట్టి కోరికలను తూకములోనికి తేక హద్దులుగ నిలుపుట మేలు. అనగా, “ఎవ్వరికిని ఇంత వేళకు మించి ఆలస్యము కారాదు, డ్రైవరు ఇన్ని గంటలకు మించి నడుపరాదు, పట్టుతో ఈ సరకులు కలుపరాదు” అని ముందు గీత గీసి, ఆ గీతలోపల ఎంత చవుకగ పోగలమో అంత చవుకగ పోవలెను. ముందు చవుకను నిర్ణయించి, మిగిలిన దయను పంచుట కాదు. నేను చేసిన తప్పు అదియే.

ఇంకొక చిక్కును దాచుట మంచిది కాదు. మనము బంధువులమే యైనను వర్తకమున పోటీదారులము. నా సరకు ఏ దుకాణమునకు పోవుచున్నది, ఎంత పోవుచున్నది అనునది ప్రక్కవానికి తెలియునను భయముచేత పలువురు ఉమ్మడి బండిని ఎక్కరు. ఆ భయము నింద్యము కాదు. కావున పట్టికను వ్రాయువాడు అందులో వర్తకము లేనివాడై యుండవలెను. మూటలు ముద్రవేసి ఇయ్యవలెను. అతడు ఊరును, బరువును, వేళను మాత్రము తెలిసికొనిన చాలును, ధరతో అతనికి పనిలేదు. బెంగుళూరునకు పోవు సరకు విషయమున మరియొక జాగ్రత్త కలదు. రాష్ట్రము దాటు సరకు విలువ 50,000 రూపాయలకు మించిన 2018 ఏప్రిల్ 1 నుండి ఇ-వే బిల్లు ఉండవలెను. ఉమ్మడి బండియైనను ఎవరి సరకునకు వారి బిల్లు వేరుగనే యుండవలయును. ఒకని కాగితము లేని దోషమునకు పదుగురి సరకు దారిలో తనిఖీయందు నిలిచిపోరాదు.

ఇది మనవలన అగునా యని సందేహించువారికి రెండు దృష్టాంతములు. బొంబాయి నగరమున డబ్బావాలాలు 1890 నాటినుండి వేలకొలది యిండ్ల భోజనపు డబ్బాలను చేతులు మార్చుకొనుచు వేళకు చేర్చుచున్నారు. డబ్బాపై గుర్తులే వారి శాస్త్రము. గుజరాతునందలి ఖేడా జిల్లా పాల సహకార సంఘము 1946లో ఏర్పడినది. పల్లె పల్లెకు వేళ తప్పక పోవు పాలబండియే అట్టి సంఘములకు ప్రాణము. నేడు మోటారుకార్ల పరిశ్రమలలో పలు చోట్ల విడిభాగములను ఒకే బండి చుట్టివచ్చి తెచ్చు ఏర్పాటునకు పాలబండి పేరే పెట్టియున్నారు. పాడిరైతు చేసిన పనిని నేతవాడు, వర్తకుడు చేయలేకపోవుటకు కారణము లేదు.

కావున ఈ మహాసభవారు పరిశీలించుటకు కొన్ని సూచనలు సమర్పించుచున్నాను. మూడు పట్టణములనుండియు, నడుమనున్న పల్లెలనుండియు ప్రతినిధులతో ఒక చిన్న ఉపసంఘము ఏర్పడవలెను. అందు రెండు మగ్గములకు మించని నేతవారు సగమైన ఉండవలెను. హద్దులను ముందు నిర్ణయించి కాగితముపై వ్రాయవలెను. బాడుగను బాటముక్కల చొప్పున పంచవలెను. ఒంటరిగా పోయిన అగు ఖర్చుకంటె ఎక్కువ ఎవ్వరినుండియు వసూలుచేయరాదు. విడత విడతకును చుట్టు దిశను మార్చవలెను. పోవునప్పుడు దారము, మరలునప్పుడు చీరలు ఉండునట్లు చూచి, ఖాళీ బండిని నడుపరాదు. మూడు నెలలకొకమారు లెక్కలు చదువునపుడు, మిగిలిన రూపాయలతోబాటు నిలిచిన మగ్గముల దినములనుకూడ చదువవలెను. ఈ కడపటిదానిని మాత్రము మీరు మరువరాదని నా ప్రార్థన.

మహాశయులారా! పూర్వపు బిడారు నడక అన్నిటికంటె నెమ్మదిగ నడచు ఎద్దు నడకయే. వేగముగ నడచు ఎద్దులు దానిని విడిచి పోయియుండవచ్చును. పోయిన బిడారు మిగులదు, బాటలో ఒంటరి యెద్దులు మిగులును. మా పెదనాయన ఇప్పుడు లేడు. ఆయన మగ్గములలో ఒకటి ఆయన కుమారుడు నేయుచున్నాడు. అతనికిప్పటికిని దారము ఆటోలోనే, ఎక్కువ బాడుగకే వచ్చుచున్నది. మనము కుదుర్చబోవు బండి మొదటి విడతనాడు ఆ యింటిముందు ప్రొద్దుండగనే ఆగినచో, నేను వ్రాసిన తప్పు పట్టిక దిద్దుబాటయినదని సంతసించెదను.